ఆరో రౌతు

మా వదిన ముప్ఫై ఒక్క ఏళ్ళు పళ్ళు చెక్కింది. పళ్ళు పీకేది డాక్టర్లు. పీకిన చోట పెట్టుకోవడానికి కొత్త పన్ను తయారుచేసేది ఆవిడ. మందుల షాపు మేడ మీదున్న ల్యాబ్‌లో, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, మైనంతో పన్ను చెక్కి, దాన్ని లోహంలోకి పోతపోసి, మెరుగుపెట్టి, చిన్న డబ్బాలో పెట్టి పంపేది. ఊళ్ళో సగం మంది పెద్దవాళ్ళు నవ్వితే కనబడేది మా వదిన పనే. ఆ సంగతి వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. ఏదైనా పెళ్ళికి వెళ్తే ఆవిడ ఎదుటివాళ్ళ మొహం చూడకుండా నోరు చూసి, "పై వరసలో నాలుగోది నాదే" అని నా చెవిలో గొణిగేది. నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని.

ఆవిడ నా భర్తకి అక్క, నాకంటే పద్నాలుగేళ్ళు పెద్ద. నేను కాపురానికి వచ్చేటప్పటికే ముందుగది ఆవిడది. ఇప్పటికీ ఆవిడదే. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని అడిగితే "తీరిక దొరకలేదు" అంటుంది, అంతకుమించి రాబట్టడం ఎవరి వల్లా కాలేదు. వెనక గదిలో కుట్టుమిషను నాది. స్కూలు యూనిఫారాలు కుడతాను, లావైనవాళ్ళ ప్యాంట్లు వదులు చేస్తాను, చిక్కినవాళ్ళవి బిగిస్తాను. మా ఆయన ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసి వస్తాడు. ఇంట్లో ముగ్గురమూ అంకెలు చూసి బతికేవాళ్ళమే, కానీ మిల్లీమీటరులో పదో వంతు కోసం అన్నం మానేసే మనిషి మాత్రం ఆవిడ ఒక్కతే.

సైనికుల గోల పన్నెండేళ్ళ కిందట మొదలైంది. బొమ్మల కంపెనీ ఆయన ఒకడు తన పన్ను తొడుగు సరిగ్గా కూర్చోలేదని పోట్లాటకి ల్యాబ్‌కి వచ్చి, వదిన బల్ల మీద మిగిలిన మైనంతో చెక్కి పెట్టిన గోరంత కుక్కపిల్లను చూసి, పోట్లాట మర్చిపోయాడు. వెంటనే ఒక సిపాయిని చెక్కి పెట్టమన్నాడు. ఆ తర్వాత పది మందిని. ఆ తర్వాత ఓ సైన్యాన్ని.

ఈ బొమ్మలు పిల్లలు ఆడుకునేవి కావు. మీసాలు నెరిసిన పెద్దమనుషులు పెద్ద బల్ల మీద కొండలూ కోటలూ అమర్చుకుని, ఎప్పుడో జరిగిన యుద్ధాలను మళ్ళీ ఆడతారు. టేపుతో కొలిచి సైన్యాన్ని ముందుకు జరుపుతారు, పాచికలు వేసి ఎవరు చచ్చారో ఎవరు బతికారో తేలుస్తారు. కొందరు ఆడవాళ్ళూ ఆడతారు, వాళ్ళ పాచికలు ఇంకా నిర్దాక్షిణ్యంగా పడతాయి. బొమ్మ ఎత్తు ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు, అంటే నా బొటనవేలి పై కణుపంత. దానికి ముక్కూ, కనుబొమలూ, నడుముకి పటకా, పటకాకి ముడీ అన్నీ ఉండాలి. కొనుక్కున్నవాళ్ళు వాటికి తామే రంగులు వేసుకుంటారు. గుండీ ఒకటి ఎక్కువైనా ఉత్తరాలు రాస్తారు. వదిన సిపాయిలందరి నోళ్ళూ మూసే ఉంటాయి. పగలంతా పళ్ళు చెక్కి, ఇంటికొచ్చి మళ్ళీ ఒక్క పన్ను కూడా చెక్కనని ఆవిడ ఒట్టు పెట్టుకుంది.

అన్నేళ్ళూ ఆ బొమ్మల పొట్లాల మీద ఆ కంపెనీ పేరే ఉంది. ఒకసారి ఆటల సంఘం పత్రికలో "ఈ కంపెనీ మొహాల్లో ఏదో ప్రాణం ఉంటుంది" అని రాశారు. నేను ఒంటికాలి మీద లేచాను. "కంపెనీకి చేతులుంటాయా వదినా? చెక్కింది మీరు, మెప్పు వాడికా?" అన్నాను. ఆవిడ చదువుతున్నది పక్కనపెట్టి, "మొహాలు బాగున్నాయన్నారు కదా, పోనీలే" అంది. నాకు ఆవిడ మీద కూడా కోపం వచ్చింది.

ఆ పోనీలే ఎక్కువ కాలం నిలవలేదు. మూడేళ్ళ కిందట ల్యాబ్‌వాళ్ళు పన్నెండు నిమిషాల్లో పన్ను చెక్కే యంత్రం కొన్నారు. వదిన పనిముట్ల సంచీ చంకనపెట్టుకుని ఇంటికి వచ్చేసింది. ఏడవలేదు గానీ రెండు రోజులు ఎవరి నోరూ చూడలేదు. మరుసటి ఏడు ఎడమచేతి వేళ్ళు వణకడం మొదలైంది. నరాల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆయన ఏదో గీతలు గీయించి, గ్లాసుతో నీళ్ళు పట్టించి, ఇది తగ్గేది కాదన్నాడు, మందులు దీన్ని నెమ్మది చేస్తాయంతే అన్నాడు. "చెక్కే పని ఎంతకాలం చేయగలను?" అని వదిన అడిగింది. "రెండేళ్ళు కావచ్చు, ఆరు నెలలూ కావచ్చు. కుడిచెయ్యి బాగానే ఉంది. ఎడమచెయ్యి మాత్రం నమ్మకండి" అన్నాడు.

ఆవిడ నన్ను బయటికి నడిపించి, ఆ పక్క వీధిలోనే ఉన్న పళ్ళ సామాన్ల కొట్లోకి తీసుకెళ్ళి, నీలం మైనం పలకలు మూడు పెట్టెలు కొంది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర తమ్ముడితో, "నా సొంత దళం తెస్తున్నానురా" అంది.

"ఏ దళం అక్కా?" అన్నాడు మా ఆయన, ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆపేసి.

"ముప్ఫై మంది. ఆరు గుర్రాలు. ఈసారి ఎవడి పేరూ ఉండదు. నాదే."

నాలుగు వందల ఏళ్ళ కిందట ఏదో నది ఒడ్డున ఒక కోటను ముట్టడించారట. లోపలివాళ్ళు ఐదు నెలలు తలుపు తెరవలేదు. చివరికి ఎక్కడినుంచో ఆరుగురు రౌతులు ముందుగా వచ్చి, వెనక పెద్ద సైన్యం ఉందని నమ్మించి, ముట్టడించినవాళ్ళను బెదరగొట్టారట. లైబ్రరీ పుస్తకాలు ముందేసుకుని ఆవిడ ఈ కథ చెప్తుంటే మా ఆయన ఆవలించాడు. నాకు మాత్రం ఆరుగురు నచ్చారు. ఇరవై నాలుగు మంది కాల్బలం, ఆరు గుర్రాలు, వాటి మీదికి ఆరుగురు రౌతులు. అన్నీ కలిపి ఏడాదిన్నర పట్టింది. రౌతులకే నాలుగు నెలలు పోయింది. పనంతా పొద్దున్న వెలుతురులోనే, మందు వేసుకున్న గంటకి వణుకు తగ్గే వేళ చూసుకుని చేసేది. నాలాంటిది ఆ గంటలో గది తలుపు తోస్తే నిప్పులు చెరిగేది.

ఏటా ఒకసారి ఒక స్కూలు ఆటల హాల్లో ఈ ఆటగాళ్ళ సంత జరుగుతుంది. కొత్త దళాలు అక్కడే బయటపెడతారు. వదిన ఒక బల్ల తీసుకుంది. పత్రికలో ప్రకటన ఇచ్చింది, ఫోటోలో ఆరుగురు రౌతులూ మైనంలో వరసగా నిలబడి ఉన్నారు. కింద ఆవిడ పేరు, అచ్చులో, మొదటిసారి. ఆ పేజీని నేను కత్తిరించి కుట్టుమిషను గూట్లో దాచుకున్నాను. ఆవిడకి చెప్పలేదు, చెప్తే వెక్కిరిస్తుంది.

సంతకి పదకొండు రోజులుందనగా పోత షెడ్డునుంచి బొమ్మలు వచ్చాయి. అట్టపెట్టె విప్పి, ఇద్దరం ముందుగదిలో బల్ల దగ్గర కూర్చున్నాం. కాల్బలం అదిరింది. గుర్రాలు అయితే ఇప్పుడే సకిలించేటట్టున్నాయి. వదిన ఒక రౌతును తీసి గుర్రం మీద పెట్టింది. దిగలేదు. కాస్త నొక్కింది. అయినా దిగలేదు. వాడు జీను మీద కూర్చోవాల్సింది పోయి, పిట్టగోడ ఎక్కి దిగలేక ఇరుక్కున్నవాడిలా పైనే ఆగిపోయాడు. ఇంకొకణ్ణి పెట్టింది. వాడూ అంతే. ఆరుగురూ అంతే.

ఆవిడ కాలిపర్ తీసి కొలిచింది. మళ్ళీ కొలిచింది. మొహం పాలిపోయింది.

"ముడుచుకున్నారు" అంది.

ఆ మాట నాకు అర్థమైనంతగా ఇంకెవరికీ అర్థం కాదు. కొత్త గుడ్డను తడిపి ఆరేయకుండా కుడితే, మొదటి ఉతుకులో యూనిఫారం పొట్టిదవుతుంది, వాళ్ళమ్మ వచ్చి నా మీద పడుతుంది. కరిగిన లోహం కూడా అంతే, చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. అయితే పళ్ళ ల్యాబ్‌లో వాడే సుద్ద అచ్చు వేడికి సరిగ్గా అంతే ఉబ్బుతుంది. ఇటు ముడుచుకున్నదీ అటు ఉబ్బినదీ చెల్లుకు చెల్లయి, చెక్కిన పన్ను చెక్కినట్టే వస్తుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆవిడ చేతులు దాన్నే నమ్మాయి. కంపెనీకి చెక్కినన్నాళ్ళూ ఆవిడ పని మైనంతో సరి, పోత వ్యవహారం వాళ్ళది. ఈ బొమ్మలకి వాడే రబ్బరు అచ్చు ఉబ్బదు. బొమ్మ ఒకసారి దాంట్లోంచి వస్తే ఒక పిసరు తగ్గుతుంది.

ఒకసారి తగ్గితే ఫరవాలేదు, అందరూ ఒకేలా తగ్గుతారు. కాల్బలం అలాగే తగ్గింది, ఆరింటితోనే అచ్చు నిండేంత పెద్దవైన గుర్రాలూ అలాగే తగ్గాయి. కానీ పోత షెడ్డు ఆయన గుండ్రటి అచ్చులో ఇరవై నాలుగు గుంటలుంటాయి, రౌతులేమో ఆరుగురే. చక్రం మీద తిరిగే అచ్చులో గుంటలు ఖాళీగా వదిలేయడం ఆయనకి మహాపాపం. అందుకని ఆరుగురికీ ముందు నకళ్ళు పోసి, ఆ నకళ్ళతో అచ్చు నింపేశాడు. అంటే రౌతులు రెండుసార్లు ముడుచుకున్నారు, వాళ్ళ కాళ్ళ మధ్య సందు గుర్రం వీపుకి చాలలేదు. పాపం చెప్పకుండా చేయలేదు. "అమ్మా, నకళ్ళు తీసి అచ్చు నింపెయ్యనా?" అని ఫోను చేసి అడిగాడు. "నింపెయ్" అంది వదిన. పళ్ళు చేసి చేసి ఉన్న మనిషి తప్ప ఇంకెవరూ అంత నిశ్చింతగా నింపెయ్ అనరు.

అసలు రౌతులను మళ్ళీ వాడుకుందామంటే అవి లేవు. రబ్బరును బిగించే ప్రెస్సులో కాళ్ళు విరిగి, కత్తులు వంగి, చపాతీల్లా అయిపోయాయి. అది మామూలే అన్నాడు షెడ్డు ఆయన.

ఆ సాయంత్రం ఇంట్లో సభ జరిగింది. మా ఆయన ఒక రౌతును వెలుతురులో తిప్పి చూసి, "జీను దగ్గర ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్దితే సరిపోతుందక్కా. కొన్నవాళ్ళే రుద్దుకుంటారు" అన్నాడు.

"నా పన్ను సరిగ్గా కూర్చోకపోతే నీ దవడ నువ్వే రుద్దుకుంటావా?"

"పన్ను వేరు, బొమ్మ వేరు."

"నాకు వేరు కాదు."

నేను మెల్లగా, "పోనీ ఈ ఏడు కాల్బలం ఒక్కటే పెట్టండి వదినా. రౌతులు వచ్చే ఏడు" అన్నాను. అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాను. వచ్చే ఏడు ఆ చెయ్యి ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఆవిడకి ఇంకా బాగా తెలుసు. ఆవిడ లేచి, అలమరలోంచి మైనం పెట్టె తీసి బల్ల మీద పెట్టింది.

"రోజుకి ఒకడు. ఆరు రోజులు. పోతకి నాలుగు రోజులు. ఒక రోజు మిగులుతుంది" అంది.

"నాలుగు నెలలు పట్టినవాళ్ళని ఆరు రోజుల్లోనా?"

"అప్పుడు వాళ్ళెవరో నాకు తెలీదు. ఇప్పుడు తెలుసుగా."

మర్నాడు పొద్దున్నే పోత షెడ్డుకి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. షెడ్డు ఆయన బూడిద చేతులు తుడుచుకుంటూ, తప్పు ఎవరిదో తేల్చే పంచాయితీకి సిద్ధంగా నిలబడ్డాడు. వదిన ఆ ఊసే ఎత్తలేదు. "ఈసారి నకళ్ళు వద్దు. అచ్చులో గుండ్రంగా అసలువాళ్ళనే పెట్టు, మిగతా గుంటలు అసలు తవ్వకు" అంది.

"ఆరుగురితో అచ్చా? ఒక్కో తిప్పుకి ఆరే వస్తాయమ్మా. నేను పొద్దస్తమానం తిప్పుతూ కూర్చోవాలి."

"కూర్చో."

ఆయన నా వైపు చూశాడు, నేను పైకప్పు వైపు చూశాను. చివరికి, "సరేనమ్మా, మీరు మైనం పంపండి" అన్నాడు.

ఆ వారం మా ఇంట్లో అందరం పిల్లి అడుగులు వేశాం. వదిన ఎడమ మోచేతిని బల్ల అంచుకి ఆనించి, మణికట్టు కింద నా పాత గుండుసూదుల దిండు పెట్టుకుని, మైనం గుచ్చిన పుల్లను వేళ్ళ మధ్య పట్టుకుని, కుడిచేత్తో చెక్కేది. వణుకు వచ్చినప్పుడల్లా కత్తి ఎత్తేసి, వణుకు పోయేదాకా ఆగి, మళ్ళీ దించేది. బూరెల బుగ్గల ముసలి రౌతు మొదటి రోజుకి అయ్యాడు. గడ్డం వాడు, మెల్లకన్ను వాడు, చలికి భుజాలు ముడుచుకున్నవాడు, ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. నిజం చెప్తున్నాను, పాతవాళ్ళ కంటే వీళ్ళే బాగున్నారు. పాతవాళ్ళు ఫోటోకి నిలబడ్డట్టు ఉండేవాళ్ళు. వీళ్ళు ఎక్కడికో పోతున్నారు. ఐదో రోజుకి ఐదుగురయ్యారు. నాకు గంపెడాశ పుట్టింది.

ఆరో రోజున చెయ్యి మాట వినలేదు. మందు వేసుకుని గంటయినా వణుకు ఆగలేదు. మైనం కిందపడి తల ఊడిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి నడుమూ భుజాలూ వచ్చాయి. కళ్ళెం పట్టుకునే చెయ్యి దగ్గర వణుకు ఒక్కసారి ఎగదన్నింది, కత్తి రౌతు చేతినీ దాటి ఆవిడ వేలిలోకి దిగింది. నేను పరిగెత్తుకెళ్ళి వేలు కడిగి గుడ్డ చుట్టాను. నీలం మైనం మీద రక్తపు చుక్క.

"ఇంక చాలు వదినా" అన్నాను. ఏడుస్తూనే అన్నాను.

ఆవిడ ఆ ముక్కను పక్కకి జరిపింది. తర్వాత ఐదుగురినీ డబ్బాలో సర్ది, "వీళ్ళను షెడ్డుకి పంపు. ఆరోవాడు తర్వాత వస్తాడు" అంది.

సంత రోజున ఆటల హాలు కిక్కిరిసిపోయింది. మా బల్ల మీద నేను కుట్టిన పచ్చగుడ్డ పరిచి, అట్టతో చేసిన కోట ముందు కాల్బలాన్ని నిలబెట్టాం. ఎడంవైపునుంచి ఐదుగురు రౌతులు. ఒక్కొక్కడూ తన గుర్రం మీద టక్కుమని కూర్చున్నాడు, మధ్యలో దారం కూడా దూరనంతగా. వాళ్ళ వెనక ఆరో గుర్రాన్ని వదిన తెచ్చి పెట్టింది. అది తల పక్కకి తిప్పి చూస్తున్న గుర్రం. జీను ఖాళీ.

"దీన్నెందుకు తెచ్చారు? పెట్టెలో ఉండనివ్వాల్సింది" అన్నాను.

"వాడి చోటు వాడికి ఉండాలి కదా."

పది గంటలకి తలుపులు తీశారు. పావుగంటలో మా బల్ల ముందు మనుషులు మూగారు. నాకు భయంగా ఉంది, ఖాళీ గుర్రాన్ని చూసి ఎవరేమంటారోనని. మొదట నోరు తెరిచింది పెద్ద పొట్టాయన ఒకడు. గుర్రాన్ని అరచేతిలోకి తీసుకుని, "అబ్బ" అన్నాడు. "రౌతు పడిపోయాడు. గుర్రం ఒక్కటే వెనక్కి చూస్తోంది. ఎంత ఆలోచనండీ! ఇలాంటిది ఇంతవరకూ ఎవరూ చేయలేదు."

నా ప్రాణం లేచి వచ్చింది. ఇదేదో బాగానే కుదిరిందనుకున్నాను.

"కాదండీ" అంది వదిన. "పడిపోలేదు. వాడు ఇంకా తయారవలేదు."

ఆయన పెద్ద జోకు విన్నట్టు నవ్వి, అమ్మకానికి తెచ్చిన పెట్టెలోంచి అలాంటి గుర్రమే ఒకటి కొనుక్కుని పోయాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళందరికీ అదే కావాలి. ఒకావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఐదుగురు రౌతులు ఎంత బాగున్నా ఖాళీ గుర్రమే అందరి కంట్లో పడింది. ప్రతి ఒక్కరికీ వదిన అదే జవాబు చెప్పింది: "పడిపోలేదండీ, ఇంకా తయారవలేదు." నేను బల్ల కింద కాలితో తన్నాను. అయినా ఆగలేదు. పక్కకి లాక్కెళ్ళి, "మీకేమైనా పిచ్చా వదినా? వాళ్ళే మెచ్చుకుంటుంటే కాదంటారేంటి? అవునని ఊరుకుంటే మీ సొమ్మేం పోతుంది?" అని గొంతు తగ్గించి అరిచాను.

"నేను చేయనిదాన్ని మెచ్చుకుంటున్నారు" అంది.

మధ్యాహ్నం స్కేలు మాస్టారు వచ్చాడు. రిటైరైన లెక్కల మాస్టారు, సంఘం పత్రికలో కొత్త బొమ్మల మీద రాసేది ఆయనే. జేబులో కాలిపర్ పెట్టుకుని తిరుగుతాడు. ఆయన వస్తున్నాడంటే పక్క బల్లలవాళ్ళు చొక్కాలు సర్దుకున్నారు. ఆయన ఐదుగురు రౌతులనూ దించి, ఎక్కించి, కొలిచి, అడుగున చూసి, పెట్టేశాడు. చివరికి ఖాళీ గుర్రం ఎత్తాడు.

"మొత్తం దళానికి ఇదే తలమానికం. ఇదే రాస్తాను" అన్నాడు. "ఈ ఖాళీని వదిలే ధైర్యం ఎంతమంది చెక్కేవాళ్ళకి ఉంటుంది?"

"అలా రాయకండి మాస్టారూ."

"ఏం?"

వదిన ఎడమచేతిని బల్ల మీదికి తీసి పెట్టింది. పొద్దుటినుంచీ ఆ చేతిని చీర కుచ్చిళ్ళలో దాచుకునే ఉంది. ఇప్పుడు పచ్చగుడ్డ మీద అది వణుకుతుంటే, దగ్గర్లో నిలబెట్టిన ఇద్దరు కాల్బలం వాళ్ళు కూడా కదిలారు.

"ఇది ఆ రోజు పని చేయలేదు. అందుకని ఖాళీ. అంతే. ధైర్యం కాదూ ఏమీ కాదు" అంది. "వాడు వస్తాడు. మీరు రాసేదుంటే, ఐదుగురు వచ్చారు, ఆరోవాడు దారిలో ఉన్నాడు అని రాయండి."

నాకు అప్పుడు తెలిసింది. ఆ గుర్రం ఖాళీగానే బాగుందని ఒక్కసారి ఒప్పుకుంటే, చెయ్యి ఓడిపోవడం కూడా బాగానే ఉందని ఒప్పుకున్నట్టు. అందరూ ఆవిడకి గౌరవంగా తప్పుకునే దారి చూపిస్తున్నారు, ఆవిడకి ఆ దారి అక్కర్లేదు. పొద్దుటినుంచీ ఆవిడను తన్నినందుకు సిగ్గుతో నా మొహం వేడెక్కింది.

మాస్టారు ఆ చేతిని చూశాడు. కాలిపర్ జేబులో పెట్టుకున్నాడు. "అయితే నా చిరునామా రాసుకోండి. వాడు వచ్చాక పంపండి" అన్నాడు.

నేను పుస్తకం తీశాను. ఆ రోజు గుర్రం కొన్నవాళ్ళలో దొరికిన ప్రతివాణ్ణీ వెతికి పట్టుకుని చిరునామా రాయించుకున్నాం. పెద్ద పొట్టాయన, "నాకు ఖాళీగానే బాగుందండీ" అంటే, "వచ్చాక చూసి అప్పుడు చెప్పండి" అంది వదిన. మొత్తం నలభై మూడు చిరునామాలు.

ఆరో రౌతుకి ఐదు నెలలు పట్టింది. మొదట మైనాన్ని ఇనుప క్లాంపులో బిగించి చూసింది. కుదరలేదు. చెక్కేటప్పుడు కుడిచెయ్యి ఎంత పని చేస్తుందో, వస్తువును తిప్పుతూ ఎడమచెయ్యీ అంతే పని చేస్తుందని మాకు తెలియదు. క్లాంపు కదలదు. ఒక పూట ఆవిడ వెనక గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నీ చెయ్యి వణకదు కదా?"

"సూదిలో దారం ఎక్కించే చెయ్యి. ఎందుకు వణుకుతుంది?"

"రా."

నన్ను తన ఎడంపక్కన కూర్చోబెట్టి, మైనం గుచ్చిన పుల్ల నా వేళ్ళకి ఇచ్చింది. "ఇది నీ చెయ్యి అనుకోకు. నాది అనుకో. నేను చెప్పినప్పుడే తిరగాలి" అంది. కుడికి. ఇంకొంచెం. ఆగు. ఊపిరి బిగబట్టకు, బిగబడితే ఇంకా కదులుతావు. మొదటి రోజుల్లో కుడికంటే ఎడమకి తిప్పి తిట్లు తిన్నాను. ఇరవై ఏడేళ్ళ కాపురంలో తినని తిట్లన్నీ ఆ బల్ల దగ్గర తిన్నాను, ఎదురు కూడా తిట్టాను. తిట్టుకుంటూనే వాడి టోపీ వచ్చింది, ముక్కు వచ్చింది. ఒకనాటికి ఆవిడ "కుడికి" అనబోయే ముందే నా వేళ్ళు కుడికి తిరగడం మొదలుపెట్టాయి. కళ్ళెం పట్టుకున్న చెయ్యి ఆ రోజే పూర్తయింది.

షెడ్డు ఆయన వాడొక్కడి కోసం చిన్న అచ్చు చేసి, యాభైసార్లు తిప్పాడు, ఒక్క మాట అనలేదు. మొదటి బొమ్మను వదిన తనే గుర్రం మీద పెట్టింది. టక్కుమని కూర్చున్నాడు. గుర్రం పక్కకి చూస్తోంది, వాడు మాత్రం ముందుకి చూస్తున్నాడు. నలభై మూడు డబ్బాలు కట్టి పోస్టులో వేశాం. పెద్ద పొట్టాయన దగ్గరనుంచి కార్డు వచ్చింది, "మీరే గెలిచారు" అని.

ఇంక నా పని నేను చూసుకోవచ్చనుకున్నాను. మర్నాడు పొద్దున్న స్కూలు యూనిఫారాలు ఇరవై జతలు ముందేసుకుని కత్తిరిస్తున్నాను. పదిన్నరకి ముందుగదిలోంచి కేక.

"ఏమిటి వదినా?"

"ఫిరంగివాళ్ళు" అంది. "ఎనిమిది మంది. నిన్న బొమ్మలు గీశాను."

"ఆరుగురూ అయిపోయారుగా! డాక్టరు ఏమన్నాడో గుర్తుందా?"

"ఎడమచెయ్యి నమ్మొద్దన్నాడు. నాది నమ్మడం మానేశాగా."

"నాకు యూనిఫారాలున్నాయి. సోమవారానికి ఇవ్వాలి."

"పన్నెండింటికి వదిలేస్తాను. రా, వెలుతురు పోతోంది."

కత్తెర పక్కన పెట్టి, చేతికంటిన సుద్ద కడుక్కుని వెళ్ళాను. ఎడంపక్క కుర్చీ అప్పటికే లాగి ఉంది.